పొగాకు, పరిమళము, గుండె



మా సాతంరాయి గ్రామము హైదరాబాదునుండి బెంగుళూరు పోవు రాజమార్గముమీద శంషాబాదునకు చేరువ నున్నది. 2008 మార్చిలో విమానాశ్రయము తెఱువబడిన నాటినుండి మా యింటికప్పుల మీదుగా రేయింబవళ్లు విమానములు పోవుచున్నవి. అవి తెచ్చు వస్తువులలో కొన్ని మాకు తెలిసినవి, కొన్ని తెలియనివి. అట్టి తెలియని వస్తు వొకటి క్రిందటి మార్గశిరమాసమున నా యింటికే వచ్చినది. దాని మూలముననే నేను పాతపుస్తకములను మఱల తిరుగవేయవలసి వచ్చెను. అందు కనబడిన చరిత్రయే నేటి ప్రసంగము.

మా చెల్లెలి మనుమడు పదునాఱేండ్లవాడు. ఇంటర్మీడియటు చదువుచున్నాడు. ఆదివారములందు సంస్కృతము చెప్పించుకొనుటకు నాయొద్దకు వచ్చును. ఆనాడు రఘువంశము చెప్పుచుండగా, మంచినీళ్లకని లోపలికి వెళ్లి వచ్చిన పిల్లవాని వెంట పండిన మామిడిపండు వాసన గుప్పున వచ్చినది. మార్గశిరమున మామిడిపం డెక్కడిది? జేబు చూపు మంటిని. కలమంత పొడవుగల నున్నని గొట్టమొకటి బయటపడెను. తోటివాని యన్న విదేశమునుండి వచ్చుచు తెచ్చినాడట.

“తాతా, ఇది సిగరెట్టు గాదు. నిప్పు లేదు, పొగ లేదు. ఉత్త ఆవిరి. నీళ్లల్ల మామిడి వాసన కలిపిన్రు, అంతే” అనెను.

ఆ మాట విన్నంతనే నాకు నవ్వును భయమును ఒక్కసారి కలిగినవి. నీటిని సాక్షిగా నిలిపి పొగాకును నిర్దోషిగా తేల్చుట మన దక్కనులో నాలుగువందల యేండ్లనాటి వ్యవహారము.

మొదట పేరు సంగతి చెప్పుదును. పండితుడను గనుక పదము కనబడిన చోట నిలువక మానను. పొగాకు అనగా పొగయొక్క ఆకు. తమిళులు పుగైయిలై యందురు, కన్నడిగులు హొగెసొప్పు అందురు, మలయాళీలు పుకయిల యందురు. నాలుగు భాషలవారును ఒకే తీరున పేరు పెట్టుకొనిరి. ఆ చెట్టు మన పొలములో పుట్టి పెరిగినదే యైనచో దాని పూవును బట్టియో కాయను బట్టియో పేరు వచ్చియుండును. కాల్చబడు వస్తువుగానే వచ్చినది గనుక దాని పొగయే దాని పేరైనది. చరకసంహితలో ధూమపానము చెప్పబడలేదా యని కొందఱు నన్నడుగుదురు. సూత్రస్థానమున అయిదవ యధ్యాయములో చెప్పబడినది నిజమే. అది మూలికలను నూఱి వత్తిగా చేసి, నియమించిన వేళలందు, రోగమును బట్టి పట్టు వైద్యధూమము. అందు పొగాకు లేదు. ఉండుటకును వీలు లేదు, ఏలయన ఆ యాకు అమెరికా ఖండమునకు సొంతమైనది. 1492లో కొలంబసు అచ్చటికి పోవువఱకు తక్కిన లోకమునకు అది యెఱుకయే లేదు. మన వ్యసనమునకు చరకుని సాక్ష్యము తెచ్చుట ఆ మహర్షికి చేయు అపచారము.

పొగాకును మనదేశమునకు పోర్చుగీసువారు ఓడలమీద తెచ్చిరి. అది ఢిల్లీ ఆగ్రాలకంటె ముందుగా దక్కనులో పాతుకొనెను. అక్బరు పాదుషా తన కొలువులోని అసద్ బేగు అనువానిని బిజాపురమునకు రాయబారిగా పంపియుండెను. ఆ బేగు తాను వ్రాసిన వృత్తాంతములో, అంతకు ముందెన్నడును హిందూస్థానములో చూడని పొగాకును బిజాపురములో చూచితి ననియు, రత్నములు తాపించిన గొట్టము నొకటి చేయించి 1604–05 ప్రాంతమున పాదుషాకు సమర్పించితి ననియు చెప్పినాడు. వృద్ధుడైన అక్బరు ఇది యేమని యడిగెను. పొగాకు, మక్కా మదీనాలలో తెలిసినదే, ఔషధముగా తెచ్చినారు, అని కొలువులోని యొక పెద్ద చెప్పెను. పాదుషా రెండుమూడు మార్లు పీల్చెను. అంతలో రాజవైద్యుడు అడ్డు వచ్చెను.

ఆ హకీమునకును బేగునకును జరిగిన వాదము వినదగినది. ఇది పరీక్షింపబడని మందు, మన శాస్త్రకారు లెవ్వరును దీనిని గూర్చి వ్రాయలేదు, ప్రభువుల కిట్టి దానిని ఎట్లు ఇత్తుము, అని హకీము. ఐరోపావారు అంత తెలివిలేనివారు కారు, లోకములో ప్రతి యాచారమును ఒకనాడు క్రొత్తదే, పరీక్షింపకయే త్రోసివేయుట యేమి న్యాయము, అని బేగు. పాదుషా బేగు చమత్కారమునకు సంతోషించెను గాని తాను మాత్రము ఆ యలవాటు పట్టలేదు. బేగు తాను తెచ్చిన సరకును అమీరులకు పంచిపెట్టెను. వారు రుచి మఱగిరి. వర్తకులు అమ్మసాగిరి. 1617లో జహంగీరు పాదుషా పొగత్రాగుటను నిషేధించుచు ఆజ్ఞ వేసెను. అప్పటికే ఆలస్యమైనది, ఆ యాజ్ఞ నిలువలేదు. చిత్రమేమన, ఇక్కడ హకీము వాదించుచున్న ఆ 1604లోనే ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు స్వయముగా పొగాకును ఖండించుచు చిన్నపుస్తకము ప్రకటించెను. అచ్చటను ఫలితము లేదు.

ఈ కథ చదువునపు డెల్ల నా మనసు హకీము పక్షమునకే పోవును. అయినను న్యాయముగా చెప్పవలెనన్న ఆయన వాదములో నొక లోపము కలదు. పూర్వులు వ్రాయలేదు గనుక చెడ్డది యనుట హేతువు కాదు. పూర్వులు వ్రాయని మంచివి ఎన్నో గలవు. బేగు వాదములోని లోపము అంతకంటె పెద్దది. పరీక్షింపు మనుచునే, పరీక్ష ముగియక మునుపే సరకు పంచిపెట్టెను. ఈ రెండవ తప్పే మన కథలో మఱల మఱల వచ్చును.

ఇక హుక్కా. పొగ ఘాటుగా గొంతు పట్టుకొనుచున్నదని దానిని నీటిగుండా లాగు ఉపాయము పుట్టినది. నీటిలో మునిగి వచ్చిన పొగ చల్లబడును. చల్లబడినది శుద్ధమైనదని జనులు నమ్మిరి. మన పొరుగున నున్న బీదరు పనివాండ్రు జస్తము, రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, ఆ కోటమట్టితో నల్లనెక్కించి హుక్కా బుడ్లు చేసిరి. హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో అట్టివి నేటికిని చూడవచ్చును. అంత సొగసైన పాత్రలో నింపు దానికి సొగసు వద్దా? పొగాకులో బెల్లపుపాకము కలిపిరి, పండ్లగుజ్జు పులియబెట్టి చేర్చిరి, సుగంధద్రవ్యములు వేసిరి. పరిమళించు పొగ యనునది నేటి విదేశీయులు కనిపెట్టినది కాదు. నవాబుల దివాణములలో మూడువందల యేండ్ల క్రిందటనే అది కొలువు తీరియున్నది.

నీరు ఆ పొగను చల్లార్చినదే గాని కడుగలేదు. బొగ్గు కాలినప్పుడు పుట్టు విషవాయువు, అనగా కార్బన్ మోనాక్సైడు, నీటిగుండా నిరాటంకముగా వచ్చును. చల్లగా నున్న పొగను మనుష్యుడు మఱింత లోతుగాను మఱింత సేపును పీల్చును. ఒక్క కూర్చుండులో హుక్కా పీల్చువాడు నూఱు సిగరెట్ల పొగకు సమానమైనంత లోనికి తీసికొనవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హెచ్చరించినది. మన తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా కేంద్రములను నిషేధించుచు బిల్లును ఆమోదించినది. జహంగీరు ఆజ్ఞకు నాలుగువందల యేండ్ల తరువాత!

చుట్ట, బీడీల చరిత్ర మీకు నేను చెప్పనక్కఱలేదు. గోదావరి లంకల పొగాకును, శ్రీకాకుళము విశాఖపట్టణము సీమలలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోనుంచుకొని త్రాగు అడ్డపొగయు, దానివలన అంగిటికి వచ్చు పుండ్లును అందఱు నెఱిగినవే. కన్యాశుల్కములో గిరీశము చుట్టను పొగడు తీరునకు నవ్వనివా రుండరు. మా పండితలోకము మాత్ర మేమి తక్కువ తిన్నది? నాకు వ్యాకరణము చెప్పిన గురువుగారు సూత్రమునకు సూత్రమునకు నడుమ నశ్యము పట్టు నిమిషమే మాకు విశ్రాంతి. గుంటూరు సీమలో 1920 ప్రాంతమున వర్జీనియా పొగాకు సాగు మొదలై, బ్యారనులు లేచి, ఎందఱి యిండ్లకో పెంకులు కప్పించినది. హైదరాబాదులో 1930లో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ ఏర్పడి చార్మినారు బొమ్మగల సిగరెట్టును దేశమంతట వ్యాపింపజేసినది. నిజామాబాదు, కరీంనగరము సీమలలో తునికాకు బీడీలు చుట్టి పిల్లలను చదివించుకొన్న తల్లులు లక్షలకొలది. ఆ కూలి యన్నమును నేను తప్పు పట్టజాలను. నా శిష్యులలో అట్టి తల్లుల బిడ్డలు ఉన్నారు.

గుండె సంగతి తెలియుట ఆలస్యమైనది. పొగాకులోని నికోటిన్ అను సారమును 1828లో జర్మనీ దేశపు హైడెల్‌బర్గులో పోసెల్టు, రైమాను అను నిద్దఱు వేఱుచేసిరి. అది నరములమీద పని చేయునని తెలిసెను. అయినను పొగ త్రాగువారిలో గుండెజబ్బు ఎక్కువ యని అంకెలతో చూపుటకు మఱి నూఱేండ్లకు పైగా పట్టినది. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హాము అను పట్టణములో 5,209 మందిని ఎన్నుకొని, వారిని సంవత్సరముల తరబడి వెంబడించి పరీక్షించిరి. 1960 నాటికి సిగరెట్టునకు గుండెపోటునకు గల సంబంధము తేలినది. ఇంగ్లండులో 1951లో డాల్, హిల్ అను వారు దేశములోని వైద్యులకే ప్రశ్నలు పంపి, జవాబిచ్చిన 40 వేలమందిని గమనింపగా అదే తేలినది. 1964 జనవరిలో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదికయు వెలువడెను. అసద్ బేగు అడిగిన పరీక్ష పూర్తియగుటకు మూడువందల యఱువది యేండ్లు పట్టినవన్న మాట.

ఈ నడుమ సిగరెట్టు మొనకు దూదివంటి వడపోత వచ్చినది. ఇక్కడ నా యింటి మాట యొకటి చెప్పవలసియున్నది. మా అన్నగారు రోజునకు రెండు పెట్టెలు కాల్చెడివారు. నాన్నగారు మందలించినపుడు ఆ సిగరెట్టును త్రుంచి, గోధుమరంగు పట్టిన వడపోతను చూపి, “విషమంతయు ఇందులోనే చిక్కుకొన్నది, చూడుడు” అనెడివారు. నలువది తొమ్మిదవ యేట, బడికి బోవుటకు చొక్కా తొడుగుకొనుచు, ఛాతీ పట్టుకొని గడపమీద కూర్చుండిరి. మఱల లేవలేదు. అప్పటికి వారి చిన్నకూతురు మూడవ తరగతి. వడపోత సిగరెట్టు త్రాగువాని గుండెను కాపాడదని తరువాతి పరిశోధనలు చెప్పినవి. మా వదినగారికి అప్పటికి ఆ తెలివిడితో పని లేదు.

నీరు పోయి దూది వచ్చినది. దూది పోయి ఆవిరి వచ్చినది.

పొగలేని సిగరెట్టునకు 1963లోనే గిల్బర్టు అను నొక అమెరికావాడు పేటెంటు కొఱకు దరఖాస్తు చేసెను. సరకుగా మాత్రము అది వెలువడలేదు. చైనాలో హాన్ లిక్ అను ఔషధనిపుణుడు తానును పొగత్రాగువాడై, తండ్రిని ఊపిరితిత్తుల క్యాన్సరు వలన పోగొట్టుకొన్నవాడై, మానుటకు సాధనముగా 2003లో ఈ విద్యుత్ సిగరెట్టును చేసెను. ఆతని యుద్దేశము మంచిది. అందులో నొక చిన్న బ్యాటరీ, వేడెక్కు తీగ, ద్రవము నిండిన గది యుండును. పీల్చగానే తీగ కాగి ద్రవమును సన్నని తుంపరగా మార్చును. పిల్లవాడు చెప్పినట్లు అవి నీళ్లు కావు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను రెండు జిగట ద్రవములు, వానిలో సామాన్యముగా నికోటిన్, పైన వాసన. ఆకు కాలదు గనుక తారు, కార్బన్ మోనాక్సైడు మొదలగునవి సిగరెట్టులో కంటె చాల తక్కువ. ఇది దాచదగిన మాట కాదు. అందుచేతనే ఇంగ్లండువంటి దేశములలో, ముందే పొగకు దాసులైన పెద్దలు మానుటకు దీనిని వాడనిచ్చుచున్నారు.

ఆ పెద్దల కొఱకు పుట్టిన వస్తువునకు మామిడి, పుదీనా, వెన్నమిఠాయి వాసన లెందుకు? నా ప్రశ్న యిదే. చుట్టకు అలవాటుపడినవాడు మామిడి వాసన కోరడు. నికోటిన్ స్వభావముచేత గొంతును గీరును. క్రొత్తవాడు మొదటి పీల్పునకే దగ్గి పాఱవేయును. ప్రకృతి పెట్టిన కావలి అది. తీపివాసనయు, పుదీనా చలువయు ఆ కావలివానిని నిద్రపుచ్చును. అమెరికాలో 2018 డిసెంబరులో ప్రభుత్వ వైద్యాధికారి, బాలురలో ఈ యలవాటు అంటువ్యాధివలె ప్రబలినదని ప్రకటింపవలసి వచ్చెను. 2020 ఫిబ్రవరినుండి వారు పండ్ల వాసనల గుళికలు అమ్ముటను ఆపించిరి. మన దేశములో 2019 సెప్టెంబరు 18వ తేదిన ఆర్డినెన్సు వచ్చి, డిసెంబరులో చట్టమైనది. తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన అన్నియు నేరములే. మొదటిసారి నేరమునకు ఏడాది వఱకు జైలు, లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును. సిగరెట్టు, బీడీ అంగడిలో నుండగా దీనిని మాత్రము నిషేధించుట యేమి న్యాయమని మన రచ్చబండమీద ఒకరు నన్నడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. పాత యప్పు తీర్చలేకపోయినంత మాత్రమున క్రొత్త యప్పు చేయనక్కఱలేదు గదా యని మాత్రము చెప్పితిని. వారికి తృప్తి కలుగలేదు.

ఇక గుండె. ఆరోగ్యవంతుని గుండె నిమిషమునకు సుమారు 72 మార్లు, అనగా దినమునకు లక్షకు మించి కొట్టుకొనును. నికోటిన్ రక్తములో చేరగానే శరీరము భయపడినప్పుడు విడుచు రసము, అనగా ఎడ్రినలిన్, విడువబడును. గుండె నిమిషమునకు 10, 15 మార్లు ఎక్కువ కొట్టుకొనవచ్చును. నాళములు బిగియును, రక్తపుపోటు పెరుగును. పదియే పెరిగిన దనుకొన్నను గంటకు 600 దెబ్బలు. బరువు లేని యెద్దును పరుగెత్తించినట్లు, పని యేమియు లేకయే గుండె కష్టపడును. అది పొగలో వచ్చినను ఆవిరిలో వచ్చినను నికోటిన్ చేయు పని యిదే.

నికోటిన్ లేని ద్రవమునకు ఏ దోషమును లేదా? మన నాళముల లోపల పలుచని పొర యొకటి కలదు. రక్తము వేగముగా వచ్చినపుడు నాళమును వదులుచేసి దారి యిచ్చునది ఆ పొరయే. మన చెఱువు కాలువకు తూమువంటిది. అది చెడినచోటనే క్రొవ్వు పేరుకొనుట మొదలగును. 2019లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు, పొగ త్రాగని ఆరోగ్యవంతులైన 31 మంది పడుచువారిచేత నికోటిన్ లేని ఆవిరిని ఒక్కసారి పీల్పించి తొడలోని నాళమును పరీక్షించిరి. అది వదులగు శక్తి 34 శాతము తగ్గినది. ఆ మార్పు కొంతసేపటికి సరియగునది. దినదినమును పదేపదే చేయువానికి సరియగుటకు తీరిక చాలదనియే వైద్యుల భయము. అదే యేట స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఆ పొరయొక్క కణములను గాజుపాత్రలలో పెంచి, ఆఱు రుచుల ద్రవములను వానిపై ప్రయోగించిరి. దాల్చినచెక్క, మెంథాల్ రుచులవి నికోటిన్ లేకున్నను కణములకు ఎక్కువ కీడు చేసినవి. గాజుపాత్రలోనిది మనుష్యుని దేహము కాదను సంగతి నేను మఱువలేదు. కాని తినుటకు పనికివచ్చు దాల్చినచెక్క పీల్చుటకు పనికిరాదను తెలివి దానివలన కలిగినది. కడుపునకు వేఱు ద్వారము, ఊపిరికి వేఱు ద్వారము. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమున పేలాల కర్మాగారములో వెన్నవాసన ద్రవ్యమును పీల్చి కూలీలు ఊపిరితిత్తులు చెడగొట్టుకొన్న సంగతి 2000లో బయటపడెను. ఆ పేలాలు తినినవారికి ఏమియు కాలేదు.

ఈ వస్తువు అంగడికి వచ్చి ఇరువదియేండ్లు మాత్రమే యైనది. నాళము పూడుటకు పట్టు కాలము ముప్పది నలువదేండ్లు. సిగరెట్టు నిజస్వరూపము ఎన్ని తరములకు తెలిసినదో పైన చెప్పితిని. ఇప్పుడు పరీక్షాపాత్ర లెవరయ్యా అన్న, మన మనుమలే.

ఆనాడు నేను పిల్లవానికి ఇదంతయు చెప్పలేదు. వాని చేయి పట్టుకొని గోడగడియారము చూచుచు నాడి లెక్కించితిని. నిమిషమునకు 104. నన్ను చూచి బెదరియుండుటయు కొంత కారణమే యగును, అంతయు ఆ గొట్టముపై వేయుట న్యాయము కాదు. అక్బరు కొలువు కథ చెప్పితిని. “హకీము గెలిచిండా తాతా?” అని యడిగెను. పాదుషా మానినాడు, ఊరంతయు పట్టినది, అంటిని. గొట్టమును వాని తండ్రిచేత పెట్టి, ఇంటిలో నుంచుకొనుటయు చట్టమునకు విరోధమని చెప్పి పంపితిని. తండ్రి కోపించెనేమో, లేదేమో, నే నడుగలేదు.

వచ్చు ఆదివారము 84. ఆపై యాదివారము 76. ఇప్పుడు రఘువంశము నాలుగవ సర్గములో నున్నాము. పుస్తకము తెఱచుటకు ముందు నే నడుగకయే చేయి చాచి, గడియారమువైపు చూచుచు కూర్చుండును.